తువ్వాలు మూలన కట్టిన బెల్లం

పొద్దున్నే ఫోను తెరిస్తే పూలగుత్తులూ, దేవుళ్ల పటాలూ, మోకాళ్ల నొప్పులకు చిట్కాలూ వరసగా వచ్చి పడుతుంటాయి. మన వయసు వాళ్లకు అంతకంటే ఏం పంపుతారులెండి. వాటన్నిటినీ బొటనవేలితో తోసేసుకుంటూ పోయే నేను మొన్న ఒకచోట ఆగిపోయాను. మా కడపలో రాతిపనివాళ్ల భద్రత కోసం కొందరం కలిసి నడుపుకుంటున్న చిన్న సంఘం ఒకటి ఉంది. ఏ క్వారీలో ఎవరికి దెబ్బ తగిలింది, ఏ మిల్లులో తిరిగే బెల్టుకు అడ్డుకంచె వేయించారు, ఎక్కడ ఊపిరితిత్తుల పరీక్షలు పెట్టారు అనే వార్తలన్నీ నాలుగు పేజీల్లో కూర్చి నెలకోసారి సభ్యులకు ఫోనులో పంపుతారు. ఈసారి మొదటి పేజీలోనే పెద్ద ఫోటో వేశారు. ఊరి బయట ఒక రాతిపొడి మిల్లు ముందర షామియానా, దాని కింద బల్ల, బల్ల మీద ఒక పక్క తెల్లటి మాస్కుల దొంతర, ఇంకో పక్క పళ్లెం నిండా బెల్లం అచ్చులు. వరసలో నిలబడిన కూలీలు ఒక చేత్తో మాస్కు, ఇంకో చేత్తో బెల్లం అందుకుంటున్నారు. దాని కింద, కార్మికుల ఆరోగ్యం కోసం మాస్కులు, బెల్లం పంపిణీ అని రాసి ఉంది.

ఆ పళ్లెం చూసేసరికి చేతిలో కాఫీ సంగతే మరిచిపోయాను. కోపమో దుఃఖమో తేల్చుకోలేక ఆ ఫోటోనే మళ్లీ మళ్లీ తెరిచి చూశాను. మా ఆవిడ వచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది. పోయినవాళ్లు ఎప్పుడో పోయారని చెప్పాను. అట్లా వంకరగా మాట్లాడతానని ఆమెకు తెలుసు కాబట్టి ఇంకేమీ అడగకుండా కాఫీ వేడి చేసి తెచ్చింది.

మీలో రాళ్ల పని మీద బతికిన ఇళ్లవాళ్లు ఉంటే ఈ బెల్లం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా చిన్నతనంలో నాయన కడప నుంచి ఒంటిమిట్టకు పోయే దోవలో ఒక పొడి మిల్లులో పని చేసేవాడు. తెల్లగా గాజులా మెరిసే పలుగురాళ్లను పగలగొట్టి, మెత్తగా నూరి, గోతాల్లో నింపి లారీలకెత్తేవాళ్లు. ఆ పొడి గాజుకూ పింగాణీకీ పోతుందని చెప్పుకునేవాళ్లు గానీ, అది చేరిన ఊళ్లను మేమెవరమూ చూడలేదు. మాకు తెలిసిందల్లా మిల్లు చుట్టూ ఉండే తెలుపు. రేకుల మీద తెలుపు, దోవ పక్కన సర్కారు తుమ్మచెట్ల మీద తెలుపు, మిల్లు గేటు దగ్గర పడుకునే కుక్క వీపు మీద కూడా తెలుపే. వానొస్తే తప్ప ఆ చెట్లు పచ్చగా ఉంటాయని తెలిసేది కాదు, మా సీమలో వాన ఎన్నిసార్లొస్తుందో మీకు తెలియనిది కాదు కదా.

సాయంత్రం నాయన ఇంటికొస్తే తలా, కనుబొమలూ, మీసమూ తెల్లగా నెరిసినట్టు ఉండేవి. మా అక్క ఆయన్ను ముసిలి నాయన అని పిలిచి పకపకా నవ్వేది, ఆయన కావాలని నడుం వంచి, చేతిలో లేని కర్రను పొడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేవాడు. అమ్మ మాత్రం నవ్వకుండా చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆపేసేది. ఆ తెల్లదుమ్ము ఇంట్లోకొస్తే సద్దన్నంలో కూడా పళ్ల కింద కరకరమనేదని ఆమె బాధ. నాయన నిజంగా ముసలివాడు కావడం మేమెవరమూ చూడలేదు.

ఇక బెల్లం. పని దిగేటప్పుడు మిల్లు గేటు దగ్గర మేస్త్రి ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, గోనెసంచిలోంచి తీసి మనిషికో బెల్లంగడ్డ చేతిలో పెట్టేవాడు. అది తింటే గొంతులోనూ రొమ్ములోనూ చేరిన దుమ్మంతా కడుక్కుని పోతుందని అందరి నమ్మకం. మిల్లు యజమాని మోసగాడని నేను అనను, ఎందుకంటే ఆయనా అదే నమ్మాడు. ఆఫీసు గదిలో కూర్చునే తన తమ్ముడి చేత కూడా రోజూ తినిపించేవాడట. బెల్లం ఇవ్వని మిల్లును కూలీలు పిసినారి మిల్లు అని చెప్పుకుని, ఆ పక్కకు కూడా పోయేవాళ్లు కాదు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం ఒకటే వాళ్లకు తెలిసిన ఇంకో కాపుదల. అయితే ఆ పొడి ముఖానికి రాసుకునే పౌడరు కన్నా మెత్తన, తువ్వాలు దాన్ని ఆపేది కాదు. పైగా పొద్దెక్కేసరికి చెమటకు గుడ్డ తడిసి, దుమ్ము ముద్దయి ఊపిరాడక, దాన్ని కూడా మెడలోకి లాగేసుకునేవాళ్లు. సాయంత్రం బెల్లం ఉందిలే అన్న ధీమా ఒకటి.

నాయన తన బెల్లం తినేవాడు కాదు. తువ్వాలు మూలన ముడివేసి ఇంటికి తెచ్చేవాడు. అక్క దోవ మలుపు దాకా ఎదురుపోయి, ఆ ముడి తనే విప్పి, పెద్దముక్క తను నోట్లో వేసుకుని, చిన్నముక్క నాకు తెచ్చిచ్చేది. ఎదురుపోయింది తను కాబట్టి పెద్దముక్క తనదేనని ఆమె న్యాయం. ఆ బెల్లంలో కాస్త ఉప్పదనమూ, గుడ్డ వాసనా ఉండేవి. అంతకంటే తీయనిది నేను తర్వాత ఎక్కడా తినలేదంటే మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి.

నాయన పక్కనే పని చేసే ఒక సాయిబు ఉండేవాడు. మేము ఆయన్ను చిచ్చా అని పిలిచేవాళ్లం. ఇద్దరూ ఒకే గరాటు కింద గోతాలు పట్టేవాళ్లు, ఒకే బీడీ కట్ట పంచుకునేవాళ్లు. చిచ్చా మాత్రం తన బెల్లం గేటు దాటకముందే నోట్లో వేసుకుని, కరిగేదాకా చప్పరిస్తూ నడిచేవాడు. "ఏమప్పా, మందు తెచ్చి బిడ్డలకు మిఠాయి మాదిరి పెడతాండావు, నీ రొమ్ము ఏం గావాల?" అని మా వాకిట్లో నిలబడి నాయనను కోప్పడడం నాకు బాగా గుర్తు. నాయన నవ్వి, తనకు తీపంటే పడదని చెప్పేవాడు.

నాయనకు దగ్గు మొదలైంది. మొదట పొద్దున లేవగానే, తర్వాత అన్నం తినేటప్పుడు, తర్వాత మాట్లాడాలన్నా దగ్గే. అంతకు కొంతకాలం ముందే చిచ్చా మిల్లు మానేసి, కర్నూలులో సైకిలు షాపు పెట్టుకున్న కొడుకు దగ్గరికి కుటుంబంతో సహా వెళ్లిపోయాడు. మాకు ఆయన గురించి మళ్లీ కబురు లేదు. నాయనను ఆసుపత్రిలో చూపిస్తే టీబీ అన్నారు. ఆ రోజుల్లో దగ్గీ దగ్గీ చిక్కిపోయే కూలివాడిని చూస్తే ఎవరికైనా తట్టేది అదే. మాత్రలు గుప్పెళ్లు గుప్పెళ్లు మింగాడు, కళ్లు పచ్చబడ్డాయి తప్ప దగ్గు తగ్గలేదు. గోతాం భుజానికెత్తుకుని నడిచిన మనిషి, నీళ్లచెంబు ఎత్తి ఆయాసంతో మళ్లీ కింద పెట్టేవాడు.

అప్పుడొక సాయంత్రం, అక్క పొయ్యి దగ్గరకు పోయి ఆకలేస్తోందని అడిగిందో, ఇంకేం అడిగిందో నాకు తెలియదు. అమ్మ చేతిలో గరిటె పక్కన పారేసి, "ఆయన మందంతా మీరే తింటిరి గదే! ఇంగా ఏం తినల్లని వస్తివే?" అని అరిచేసింది. మరుక్షణమే అక్కను దగ్గరకు లాక్కుని తనే వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మను నేను తప్పు పట్టను. మొగుడి ఊపిరి కళ్లముందు ఇంకిపోతుంటే, ఎక్కడో ఒకచోట కారణం వెతుక్కోకుండా ఎవరుంటారు? ఆ మాట ఆమె మళ్లీ ఎన్నడూ అనలేదు. అక్క మాత్రం దాన్ని అప్పుడే లోపలికి మింగేసింది.

మర్నాడు అక్క నా చెయ్యి పట్టుకుని మిల్లుకు తీసుకుపోయింది. మేస్త్రి పీట దగ్గర నిలబడి, మా నాయన బెల్లం ఇమ్మని అడిగింది. పనికొచ్చినవాళ్లకే ఇస్తామని చెప్పబోయి, ఆయన మా ముఖాలు చూసి ఆగి, సంచిలో చెయ్యి పెట్టి రెండు దోసిళ్లు నింపి ఇచ్చాడు. అక్క దాన్ని పావడలో మూటకట్టుకుని ఇంటిదాకా పరుగెత్తింది, వేళ్లకు అంటుకున్నది కూడా నాకలేదు. వేణ్ణీళ్లలో కరిగించి నాయన తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో తాగించేది. మింగుడు పడక సగం బయటికి వచ్చేది. అయినా ఆయన ఎన్నడూ వద్దనలేదు. "బాగుండాది మ్మే," అనేవాడు. ఆ బెల్లం అయిపోయాక అమ్మ కోమటంగడి నుంచి తెచ్చింది, అదీ తాగించింది. నాయన బతకలేదు.

అక్క ఆ తర్వాత బెల్లం ముట్టలేదు. నోట్లో పెట్టుకోలేదని నా ఉద్దేశం, వండటానికేం, ఓళిగలు చేసి అందరికీ వడ్డిస్తుంది, పాకం పట్టడంలో మా చుట్టాల్లో ఆమెను మించినవాళ్లు లేరు. పాకం కుదిరిందో లేదో వేలితో సాగదీసి చూస్తుంది, రుచి మాత్రం పక్కవాళ్లను చూడమంటుంది. ఒంటిమిట్టలో అత్తగారిల్లు. శ్రీరామనవమికి ఊరు ఊరంతా పానకం తాగుతుంటే ఆమె గ్లాసు పక్కవాళ్లకు జరిపేసేది. అత్తగారు అదేదో మొక్కు అనుకుని కోడలి భక్తిని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేది. అసలు సంగతి నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు, మేము ముగ్గురమూ దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నేను పెద్దయ్యాక కర్నూలులో ఒక ఎక్స్‌రే సెంటరులో సహాయకుడిగా చేరాను. అప్పట్లో ఫిల్మును చీకటి గదిలో మందునీళ్లలో ముంచి కడిగి, బట్టలు ఆరేసినట్టు క్లిప్పులకు తగిలించి ఆరబెట్టేవాళ్లం. ఒకనాడు లోపల ఆ పనిలో ఉండగా బయట బెంచీ మీంచి ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలుసు. చివర ఊపిరి అందక ఈల వేసినట్టుండే ఆ దగ్గును మా ఇంట్లో అన్ని రోజులు విన్నవాణ్ణి, పరాయి ఊళ్లో అయినా పోల్చుకోకుండా ఎట్లా ఉంటాను? చేతులు తుడుచుకోకుండానే బయటికి వచ్చి చూస్తే చిచ్చా. సగం మనిషయ్యాడు. నేనెవరో చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుని, నాయన గురించి అడిగాడు. చెప్పాను.

ఆయన ఫిల్ము నేనే కడిగాను. వెలుతురుకు పట్టుకుంటే రొమ్ము రెండు పక్కలా పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. నాయన ఎక్స్‌రే నేనెన్నడూ చూడలేదు. చిచ్చాది చూస్తూ నాయనదే చూస్తున్నట్టు నిలబడిపోయాను. డాక్టరు ఇది టీబీ కాదు, రాతిపొడి లోపల చేరి ఊపిరితిత్తి గట్టిపడే జబ్బు, దీన్ని సిలికోసిస్ అంటారని చెప్పాడు. చిచ్చా ఆయన్ను బెల్లం గురించే అడిగాడు. తిన్నది కడుపులోకి పోతుంది, పీల్చినది రొమ్ములోకి పోతుంది, ఆ దోవ వేరు ఈ దోవ వేరు పెద్దాయనా, అని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. చిచ్చా బయటికొచ్చాక నా భుజం పట్టుకుని, "నేను ఒక్క దినం ఇడ్సకుండా తింటి గదరా. మీ నాయన తిన్లే. ఇద్దరికీ అదే వచ్చె," అన్నాడు. తర్వాత ఆయన కూడా ఎంతోకాలం ఉండలేదు.

ఆ మాట పట్టుకుని నేను బస్సెక్కి నేరుగా అక్క దగ్గరికి పోయాను. ఇన్నేళ్ల బరువు దించేస్తున్నానని నా ఆత్రం. అక్క చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. విని, తల ఎత్తకుండానే, "అయినా చిచ్చా నాయన కంటే ఎక్కువ కాలం బతికె గదా," అన్నది. చిచ్చా మిల్లు ముందే మానేశాడు కాబట్టి అని చెప్పాల్సింది, అది తిరుగు బస్సెక్కాక తట్టింది. తర్వాత వెళ్లినప్పుడు అదీ చెప్పాను. ఊఁ అన్నది. ఆ ఊఁ ఎట్లాంటిదో అక్కలున్నవాళ్లకు తెలుస్తుంది. వాదించి ఆమె మనసులోంచి దాన్ని తీయలేనని నాకు అప్పుడే అర్థమైంది, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత కడపకు తిరిగొచ్చి ఈ సంఘంలో చేరాను. మిల్లుల దగ్గర మీటింగులు పెట్టాం, డాక్టర్లను తీసుకుపోయాం, పటాలు చూపించాం. దుమ్ము గురించి ఎంతో రాశాం. బెల్లం గురించి మాత్రం మా వార్తల్లో ఎన్నడూ ఒక్క ముక్క రాలేదు. అది చెప్పాల్సిన సంగతని చదువుకున్న డాక్టర్లకు తోచలేదు, తెలిసిన నాకేమో అది మా ఇంటి గుట్టులా అనిపించి పెదవి దాటలేదు.

మొన్న ఫోటో చూశాక ఆ వార్తలు కూర్చే అమ్మాయికి ఫోను చేశాను. చురుకైన పిల్ల, ఎండనక మిల్లులన్నీ తిరుగుతుంది. నా గొంతులో కోపం విని బిత్తరపోయింది. "మాస్కులిస్తామంటే ఎవురూ రాలేదంకుల్. బెల్లం ఉండాదని తెలిసినాకనే అందరూ వచ్చినారు. మిల్లువాళ్లే తెచ్చి పెట్టినారు. దాంట్లో తప్పేముండాది?" అని అడిగింది. తప్పు ఆమెది కాదు కాబట్టి, గొంతు తగ్గించి నాయన సంగతి కొంత చెప్పాను. అంతా విని, వచ్చే నెల వార్తల్లో ఈ సంగతి మీరే రాయండి అంకుల్ అని బతిమాలింది.

రాయాలంటే ముందు అక్కను అడగాలి కదా. ఆమె బతుకు అది. మర్నాడే ఒంటిమిట్టకు పోయాను. ఇప్పుడు ఆమెకు చూపు మందగించింది, ఫోను చేతికిస్తే మనవడు నేర్పినట్టు రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసుకుంది. బల్లనూ, మాస్కులనూ, నవ్వుతూ నిలబడిన పెద్దమనుషులనూ దాటుకుంటూ పోయి, ఫోటో అంచున ఒకచోట ఆగింది. అక్కడ ఒక కూలి ఆమె, పక్కకు తిరిగి, తనకిచ్చిన బెల్లం చీర కొంగున ముడివేసుకుంటోంది. నేను ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో, ఆమెను మాత్రం చూడలేదు.

"ఈ యమ్మ తినదు రా. ఇంటికి కొంచపోతాది," అన్నది అక్క. ఆమె ఆ కొంగుముడిని ఇంకా పెద్దది చేసి, వేళ్లతో తడుముతూ చాలాసేపు చూసింది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టేసి, "రాయి. ఇది మందు గాదని రాయి. తిన్న బిడ్డల తప్పేం లేదని గూడా రాయి. అది మర్సిపోవద్దు," అన్నది. ఎవరి గురించి అంటోందో నాకు తెలిసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

అక్క లేచి వంటింట్లోకి పోయి, డబ్బా మూత తీసి, గోటితో గిల్లినంత బెల్లం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని నోట్లో వేసుకుంది. చప్పరించలేదు, నమల్లేదు, కరిగేదాకా అట్లాగే ఉంది. "నాయనకు తీపంటే పడదనేది అబద్ధం రా," అన్నది ఆఖరికి. "శానా ఇష్టం. మిల్లులో మనకోసరం దాచె, మంచంలో మందని మింగె. తీపని ఒక్కనాడన్నా తిన్లే."

ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు కుదురుగా లేదు. మనం బతికిన కాలానికీ ఇప్పటికీ ఎంతో మారింది, కాదనను. ఈనాడు ఆ జబ్బుకు పేరు తెలుసు, మాస్కులున్నాయి, దుమ్మును లాగేసే గొట్టాలు కొన్ని మిల్లుల్లోనైనా ఉన్నాయి, అధికారులు వచ్చే రోజున తప్పక పని చేస్తాయి కూడా. చీకటి గదిలో ఫిల్ములు కడిగేవాళ్ల అవసరమే లేకుండా పోయింది. నాయన పని చేసిన మిల్లు మూతపడి, ఆ దోవలో తుమ్మచెట్లు పచ్చగా ఉన్నాయి, బస్సులోంచి చూస్తే అక్కడొక మిల్లుండేదని ఎవరూ అనుకోరు. సాయంత్రం పని దిగి ఒళ్లంతా తెల్లగా ఇంటికొచ్చే మనుషులు మాత్రం ఇంకా ఎక్కడో ఒక దోవ మలుపు తిరుగుతూనే ఉన్నారు, వాళ్లకు ఎదురుపోయే పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లలు ముడి విప్పుకుని హాయిగా తినాలి, పక్కన కూర్చుని ఆ అమ్మా, ఆ నాయనా కూడా ఒక ముక్క తీపని తినాలి. సంఘం వార్తల కోసం నేను రాసిచ్చింది ఇంతే. తిన్న బిడ్డల తప్పేం లేదని అక్క చెప్పిన మాట ఆ రాతకు మొదట్లోనే పెట్టాను.